కేబుల్ బిల్లులో అదనపు రూపాయలు ఎవరికి పోతున్నాయి? ఇలా లెక్క తీయండి

మా కింది వాటాలో ఒక పెద్దమ్మ ఒక్కతే ఉంటుంది. ఆమెకు వచ్చే వృద్ధాప్య పింఛను 2,016 రూపాయలు. అందులోంచి నెలనెలా 480 రూపాయలు కేబుల్ అబ్బాయి చేతిలో పెడుతుంది. కనెక్షన్ పెట్టిన రోజు ఆమెకు చెప్పిన మాట "ప్యాక్ నూటతొంభై". ఆ నూటతొంభై 480 ఎలా అయిందో ఆమెకు తెలియదు. "ఏం చేద్దు బిడ్డా, టీవీ లేకుంటే పొద్దు పోదు. అడిగితే ఆ పిలగాడు టాక్సు అంటడు, ఛానెళ్లు పెరిగినయ్ అంటడు" అంది.

నేను కోఠిలో ఒక హోల్‌సేల్ మందుల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. బిల్లులో ఒక్క రూపాయి తేడా వస్తే రాత్రి ఎనిమిదైనా కూర్చుని వెతికే పని అది. పింఛనులో దాదాపు నాలుగో వంతు ఇలా లెక్క లేకుండా పోతోందంటే నాకు నిద్ర పట్టలేదు. ఉప్పల్‌లో మా వీధి వరకే ఇలాంటి ఇళ్లు పది దాకా చూశాను. అందుకే పెద్దమ్మ బిల్లు విప్పి చూసిన పద్ధతిని ఇక్కడ రాస్తున్నాను. కేబుల్ అయినా, డిష్ అయినా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు చేయాల్సింది విడివిడి లెక్క అడగడం. మొత్తం ఎంత అని కాదు, దేనికి ఎంత అని అడగాలి. నేను అడిగితే మా కేబుల్ అబ్బాయి "అక్కా, బిల్లేముంది, ప్యాక్ అంతే" అన్నాడు. రెండోసారి అడిగితే ఆఫీసులో అడగమన్నాడు. మూడోసారి, ఆదివారం పొద్దున వసూలుకు వచ్చినప్పుడు, మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టి, "నీ ఫోన్‌లో ఈ కనెక్షన్ తెరిచి చూపించు నాయనా" అన్నాను. చాలామంది ఆపరేటర్ల దగ్గర సెట్‌టాప్ బాక్స్ నంబరు కొడితే ఆ ఇంటి వివరాలు వచ్చే యాప్ ఉంటుంది. బాక్సు అడుగున అతికించి ఉండే నంబరు చూసి చెప్పాను. స్క్రీన్ మీద వచ్చిన అంకెలు పాల ప్యాకెట్ కవరు మీద రాసుకున్నాను.

నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు 130. తెలుగు ప్యాక్ 190. విడిగా రెండు హెచ్‌డీ ఛానెళ్లు, ఒక్కోటి 19 చొప్పున 38. మొత్తం 358. దాని మీద 18 శాతం జీఎస్టీ 64 రూపాయల 44 పైసలు. అంతా కలిపితే 422 రూపాయల 44 పైసలు. పెద్దమ్మ ఇస్తున్నది 480. మిగిలిన 57 రూపాయల 56 పైసలు ఏ పద్దులోనూ లేవు. "అది సర్వీసుకక్కా" అన్నాడు.

ఇప్పుడు ఈ అంకెల్ని ఎవరి జేబులోకి పోతాయో చూసి పంచాలి. చాలామంది "టీవీ కంపెనీ దోచుకుంటోంది" అని ఒకే మాట అంటారు కానీ, ఈ డబ్బు ఒక్కరికి పోదు. ఛానెల్ నడిపేవాళ్లు ఒకరు, ఆ సిగ్నల్ మన ఇంటిదాకా తెచ్చేవాళ్లు ఇంకొకరు, పన్ను ప్రభుత్వానిది. ఎవరి పద్దు ఏదో తెలిస్తే ఏది తగ్గించమనొచ్చో, ఏది అడిగినా లాభం లేదో తేలిపోతుంది.

నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అందరూ ఎన్‌సీఎఫ్ అనేది, తెచ్చేవాళ్లది. తీగ, బాక్సుకు సిగ్నలిచ్చే కంట్రోల్ రూము, స్తంభాల అద్దె, వసూలుకు తిరిగే మనిషి, అన్నీ అందులోంచే. హైదరాబాద్‌లో 2013లో కేబుల్ డిజిటల్ అయ్యి ఇంటింటికీ బాక్సులు వచ్చేదాకా ఇలాంటి విభజన మనకు కనబడేది కాదు. నెలకింత అని ఒకే మొత్తం ఉండేది. టీవీ, ఫోన్ సేవల నియంత్రణ సంస్థ ట్రాయ్ 2017లో కొత్త నిబంధనలు తెచ్చి, 2019 ఫిబ్రవరి 1 నుంచి ఛానెల్ ధర వేరు, తెచ్చే ఖర్చు వేరు అని విడదీసింది. అప్పుడు వంద ఛానెళ్ల దాకా 130 రూపాయలు మించకూడదన్నారు. 2020లో అదే 130కి రెండొందల ఛానెళ్లివ్వాలి, అంతకు మించితే 160 దాటకూడదని మార్చారు. 2024 జూలైలో ఆ గరిష్ఠ పరిమితి ఎత్తేశారు. ఇప్పుడు ఎంత తీసుకోవాలో ఆపరేటరే నిర్ణయించుకుంటాడు. కానీ ఆ రేటు అందరికీ తెలిసేలా ప్రకటించి ఉండాలి. కాబట్టి "మీ ఎన్‌సీఎఫ్ ఎంత, ఎక్కడ పెట్టారు" అని అడిగే హక్కు మనది. పక్క వీధిలో వేరే ఆపరేటరుంటే వాళ్ల రేటు కూడా కనుక్కోండి. ఇది ఒక్కో చోట ఒక్కో రకంగా ఉండొచ్చు.

ఈ ఫీజులో మనింటికొచ్చే కేబుల్ అబ్బాయి వాటా ఎంతో కూడా తెలుసుకోండి. అతనికి సిగ్నలిచ్చే పెద్ద కేబుల్ సంస్థ ఒకటి పైన ఉంటుంది. ఇద్దరి మధ్యా వేరే ఒప్పందం లేకపోతే ఆ సంస్థకు 55 శాతం, స్థానిక ఆపరేటరుకు, అంటే మన కేబుల్ అబ్బాయికి, 45 శాతం. అంటే 130లో సుమారు 58 రూపాయలు. అందులో ఇద్దరు పనివాళ్ల జీతం, తెగిన తీగల మరమ్మతు చూసుకోవాలి. ఆ 57 రూపాయల 56 పైసలు అతను ఎందుకు కలిపాడో నాకు అర్థమైంది. కానీ చెప్పకుండా కలపడం ఒప్పుకోలేదు.

ఛానెళ్ల పద్దు ఇంకో సంగతి. ఛానెళ్లు రెండు రకాలు. వార్తా ఛానెళ్లు, భక్తి ఛానెళ్లు ఎక్కువ శాతం ఉచితమే. వీ6, టీ న్యూస్, ఎన్టీవీ, ఎస్వీబీసీ లాంటివి ఎన్‌సీఎఫ్‌లోనే పెట్టించుకోవచ్చు, విడిగా డబ్బు లేదు. సీరియళ్లు, సినిమాలు, ఆటలు చూపించే పెద్ద ఛానెళ్లు పే ఛానెళ్లు. వాటి ధర ఛానెల్ వాళ్లే పెడతారు, ఆపరేటరు పెంచలేడు. ఆ ధరలో కనీసం 20 శాతం పంపిణీదారుకు, అంటే తెచ్చేవాళ్లకు, కమిషన్ పోతుంది. 2019లో పద్ధతి మారినప్పుడు స్టార్ మా, జీ తెలుగు, జెమినీ 19 చొప్పున, ఈటీవీ 17 పెట్టారు. నాలుగూ కలిపితే 74. ఎన్‌సీఎఫ్ 130 కలిపి 204. జీఎస్టీ వేస్తే 240 రూపాయల 72 పైసలు. ఆ ఏడాది మా ఇంట్లో మొదటిసారి ఇలా లెక్క వేసుకున్నప్పుడు, "డెబ్బై నాలుగు రూపాయల సీరియళ్లకు రెండొందల నలభై ఏంటి" అని మావారు అడిగారు. మిగిలిన 166 రూపాయల్లో దాదాపు 37 పన్ను, 130 తెచ్చిన కూలి. ఇలా చెబితే సరేనన్నారు.

19 రూపాయల అంకె ఎందుకు అన్నిచోట్లా కనిపిస్తుందో కూడా చెప్తాను. ఛానెల్ ధర అంతకు మించితే దాన్ని గుత్త ప్యాకులో కలపకూడదని నిబంధన. మధ్యలో 12కు తగ్గించి, 2022 నవంబరు సవరణలో మళ్లీ 19 చేశారు. ప్యాకులో ఉంటేనే ఛానెల్ ఎక్కువ ఇళ్లకు చేరుతుంది, ఎక్కువ ఇళ్లకు చేరితేనే ప్రకటనల ఆదాయం. అందుకే చాలా పెద్ద ఛానెళ్లు సరిగ్గా ఆ గీత దగ్గర ఆగుతాయి. మీరు ఎన్నడూ చూడని ఛానెళ్లు మీ ప్యాకులో ఉండటానికి కారణం కూడా ఇదే. ఒక పెద్ద సీరియల్ ఛానెల్‌ను ముందు పెట్టి, దానికి తోడు అదే సంస్థకు చెందిన చిన్న ఛానెళ్లు కట్టి ఇస్తారు.

మరి ప్యాక్ మంచిదా, విడిగా ఏరుకోవడం మంచిదా? దీనికి ఊహ వద్దు, కాగితం కావాలి. పెద్దమ్మ ఇంట్లో గోడకున్న పాత క్యాలెండర్ షీటు చింపి, వెనకవైపు వారం రోజులు ఏ ఛానెల్ చూస్తే ఆ పేరు పక్కన ఒక గీత గీయమన్నాను. ఆమెకు చదవడం రాదు. కాబట్టి ఆ షీటు మీద ఛానెల్ నంబర్లు నేనే పెద్దగా రాసిపెట్టాను. వారం తర్వాత చూస్తే గీతలు ఆరు నంబర్ల పక్కనే ఉన్నాయి. మూడు పే ఛానెళ్లు, మూడు ఉచితం. ప్యాకులో ఉన్న మిగతా పే ఛానెళ్లలో ఒక్కదాని పక్కన కూడా గీత లేదు. హిందీ సినిమాలవీ, పిల్లల బొమ్మలవీ, ఇంగ్లీషు వంటలవీ, అన్నింటికీ ఆమె పింఛను కడుతోంది.

లెక్క చేసే తీరు ఇది. మీరు నిజంగా చూసే పే ఛానెళ్ల ధరలు కూడండి. ప్యాక్ ధర దానికన్నా తక్కువైతే ప్యాక్ ఉంచండి, ఎక్కువైతే తీసేయండి. విడి ధరల మొత్తం మీద ఛానెల్ సంస్థలు 45 శాతానికి మించి ప్యాక్ తగ్గింపు ఇవ్వకూడదు. అంటే విడిగా వంద రూపాయలయ్యే ఛానెళ్ల ప్యాక్ 55కు తగ్గదు. ఆ ప్యాక్ 55కే ఇస్తుంటే, అందులో మీరు చూసేవి 55 రూపాయల పైమాటైతే ప్యాకే లాభం. నలుగురైదుగురున్న ఇల్లు, పిల్లలకు బొమ్మలు, పెద్దాయనకు క్రికెట్ కావాలంటే తరచూ ప్యాకే గెలుస్తుంది. మా ఆడపడుచు ఇంట్లో అలాగే తేలింది, వాళ్లను మార్చమని నేను చెప్పలేదు. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు మాత్రం దాదాపు ఎప్పుడూ విడిగా ఏరుకోవడమే చౌక.

పెద్దమ్మ మూడు ఛానెళ్లు 19 చొప్పున 57. ఎన్‌సీఎఫ్ 130తో 187. జీఎస్టీతో 220 రూపాయల 66 పైసలు. లెక్కలో 480 నుంచి 221కి వచ్చింది. ఏడాదికి మూడు వేల పైచిలుకు ఆదా.

హెచ్‌డీ రెండు ఛానెళ్ల మాట మర్చిపోకండి. ఆమె టీవీ పాత డబ్బా టీవీ, హెచ్‌డీ బొమ్మ అందులో కనబడే అవకాశమే లేదు. పైగా అవే రెండు ఛానెళ్లు మామూలు రకంలో ప్యాకులో ఉన్నాయి. పన్నుతో కలిపి నెలకు 44 రూపాయల 84 పైసలు ఎవరూ చూడని వాటికి పోయాయి. మీ జాబితాలో ఒకే పేరు రెండుసార్లు, ఒకటి మామూలుగా, ఒకటి హెచ్‌డీ అని ఉందేమో వేలు పెట్టి చూడండి. నేను చూసిన పది ఇళ్లలో నాలుగింటిలో ఉంది.

ఇంట్లో రెండో టీవీ ఉంటే దానికీ మళ్లీ ఎన్‌సీఎఫ్ పడుతుంది. 2020 నిబంధనల్లో రెండో టీవీకి మొదటి దాని ఎన్‌సీఎఫ్‌లో 40 శాతం, అంటే 52 రూపాయలు మించకూడదని ఉండేది. ఇప్పుడు ఆపరేటరు రేటు పట్టికే ఆధారం. రెండు కనెక్షన్లూ ఒకే పేరు మీద, ఒకే చిరునామాకు ఉన్నట్టు నమోదై ఉన్నాయా చూసుకోండి. అత్తగారి పేరు మీద ఒకటి, కొడుకు పేరు మీద ఒకటి ఉంటే రెండింటికీ పూర్తి ఫీజు పడుతుంది.

పన్ను దగ్గర ఒక్కటే చూడాలి. 18 శాతం నిజమే, దాన్ని ఎవరూ తగ్గించలేరు. కానీ మీ దగ్గర వసూలు చేసిన పన్ను రసీదులో కనబడాలి. తెలంగాణలో నమోదైన సంస్థ జీఎస్టీ నంబరు 36తో మొదలవుతుంది, మొత్తం పదిహేను అక్షరాలుంటుంది. ఆ నంబరు లేని కాగితం మీద "టాక్సు" అని రాస్తే అడగండి.

ఇక ఇదంతా మొదట చెప్పే ధరలోనే ఎందుకు కలపరు? ప్రకటనలో చిన్న అంకె ఉంటేనే మనం ఫోన్ చేస్తాం. రెండు కంపెనీల వాళ్లలో ఒకరు 190 అని, ఇంకొకరు అన్నీ కలిపి 422 అని రాస్తే మన చెయ్యి మొదటివైపే పోతుంది. రెండోవాడు నిజం చెప్పి నష్టపోతాడు, మర్నాడు వాడూ 190 అనే రాస్తాడు. అందుకే పైన చిన్న ధర చూపించి, తప్పనిసరి పద్దుల్ని కింద చిన్న అక్షరాల్లోకి తోస్తారు. ఒకసారి బాక్సు బిగించి, డిష్ పైన పెట్టాక మనం మారడం కష్టం అని కూడా వాళ్లకు తెలుసు.

ఇది మన దగ్గరే కాదు. డల్లాస్‌లో ఉండే మా చెల్లెలి కూతురు వాళ్ల బిల్లు చదివి వినిపించింది. ప్యాక్ ధర కింద లోకల్ ఛానెళ్ల రుసుము, ప్రాంతీయ క్రీడల రుసుము అని రెండు గీతలు. అక్కడ 1992 చట్టం ప్రకారం లోకల్ టీవీ స్టేషన్లు తమ సిగ్నల్ తిరిగి ప్రసారం చేసినందుకు కేబుల్ కంపెనీని డబ్బు అడగొచ్చు. ఆ ఖర్చు పెరిగేకొద్దీ కంపెనీలు ప్యాక్ ధర పెంచకుండా విడి రుసుముగా వేస్తూ వచ్చాయి. ఏడాదికో రెండేళ్లకో ఇదే ధర అని ఒప్పందం రాసుకున్నా రుసుములు పెరుగుతాయి, ఎందుకంటే మాట ఇచ్చింది ప్యాక్ ధరకే. 2024 మార్చిలో అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ, కేబుల్, డిష్ కంపెనీలు ఛానెళ్లకయ్యే రుసుములన్నీ కలిపి ఒకే ధరగా చూపించాలని నిబంధన పెట్టింది. మన దగ్గర ఆపరేటర్లు ప్రకటనలో పన్నుతో సహా ధర రాస్తే పెద్దమ్మలాంటి వాళ్లకు ఎంత మేలవుతుందో! నాకు ఇది గట్టిగా కావాలనిపిస్తుంది.

ఒకసారి మాత్రమే పడే ఖర్చులు వేరేగా చూడండి. 2017 నిబంధనల్లో బిగించడానికి 350, యాక్టివేషన్‌కు 100 మించకూడదని ఉండేది. 2024 సవరణతో ఆ హద్దులూ పోయాయి, ఇంటికొచ్చి చూసినందుకు తీసుకునేది కూడా కంపెనీ ఇష్టమే. కాబట్టి మనిషి మెట్లెక్కకముందే రేటు మెసేజ్‌లో తెప్పించుకోండి. రెండేళ్ల క్రితం వర్షానికి మా డిష్ కదిలితే కంపెనీ పంపిన అబ్బాయి ఐదు నిమిషాలు తిప్పి 400 నగదు అడిగాడు. కస్టమర్ కేర్‌కు అక్కడే ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి రేటడిగాను. అందులో సగం చెప్పారు. ఆ సగం యాప్‌లోనే కట్టాను, రసీదు వచ్చింది. ఆ అబ్బాయి మీద నాకు కోపం లేదు, ఎండలో మేడ ఎక్కాడు. కానీ డబ్బు చేతికిస్తే లెక్కలో ఉండదు.

ఫోన్‌లోనూ స్మార్ట్ టీవీలోనూ చూసే ఓటీటీలకూ ఇదే జబ్బు పాకింది. ప్రైమ్ వీడియోలో 2025 జూన్ 17 నుంచి మన దేశంలో ప్రకటనలు మొదలయ్యాయి. అవి వద్దంటే నెలకు 129 లేదా ఏడాదికి 699 అదనం అన్నారు. మొదటి చందా కట్టినప్పుడు లేని ఖర్చు ఇది. వీటిలో ఎక్కువ డబ్బు పోయేది ఆటోపే వల్ల, అంటే గడువు రాగానే ఖాతాలోంచి దానంతటదే డబ్బు పోయే ఏర్పాటు వల్ల. మీ యూపీఐ యాప్‌లో ఆటోపే లేదా మ్యాండేట్లు అనే చోట నొక్కండి, బతికున్నవన్నీ కనబడతాయి. మా అబ్బాయి ఫోన్‌లో ఎప్పుడో ఒక సినిమా కోసం పెట్టుకున్నవి రెండు దొరికాయి. డబ్బు కోసే 24 గంటల ముందు మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన 2021 అక్టోబరు నుంచి ఉంది. ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తుడిచేయకండి.

ఐపీఎల్ కోసం స్పోర్ట్స్ ఛానెళ్లు పెట్టించుకునేవాళ్లు పెట్టించుకున్న రోజే తీయించే తేదీ క్యాలెండర్ మీద రాయండి. మేలో ఆట అయిపోయినా దసరా దాకా కడుతున్న ఇల్లు మా మెట్ల పక్కనే ఉంది.

అసలు నెలవారీ ఖర్చే వద్దనుకుంటే డీడీ ఫ్రీ డిష్ ఉంది. డిష్, బాక్సు ఒకసారి కొంటే నెలనెలా చందా లేదు. డీడీ యాదగిరి, డీడీ సప్తగిరి వస్తాయి. కానీ పే ఛానెళ్లు ఉండవు. పెద్దమ్మకు చెబితే రాత్రి సీరియల్ పేరెత్తి "అది రాదా?" అంది. అక్కడితో ఆ మాట వదిలేశాను.

మార్పు అడిగేటప్పుడు నోటిమాట వద్దు. కేబుల్ అయితే పైన ఉన్న పెద్ద సంస్థ కస్టమర్ కేర్ నంబరు సెట్‌టాప్ బాక్స్ మెనూలోనో రసీదు మీదో ఉంటుంది. అక్కడ ఫిర్యాదు లేదా అభ్యర్థన నంబరు తీసుకోండి. తేలకపోతే వాళ్ల నోడల్ అధికారికి, అంటే ఫిర్యాదులు చూసే పై అధికారికి, రాయండి. అయినా కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడొచ్చు. ట్రాయ్‌కు రాసినా మన ఒక్క ఇంటి ఫిర్యాదు అది తేల్చదు, కంపెనీ దగ్గరికే పంపుతుంది.

మా అబ్బాయితో, అంటే కేబుల్ అబ్బాయితో, అంతదూరం రాలేదు. పాల కవరు మీద అంకెలు చూపించి, "పెద్దమ్మకు ప్యాక్ తీసేయ్, ఈ మూడు పెట్టు, సర్వీసుకు నీకు కావాలంటే నెలకు ఇరవై వేరుగా రాసి తీసుకో" అన్నాను. తలూపాడు. మర్నెల ఐదో తారీఖున వచ్చి చిన్న మెషీన్ మీద చీటీ తీసి ఇచ్చాడు. 221, సర్వీసు 20, మొత్తం 241. పెద్దమ్మ ఆ చీటీ మడిచి రేషన్ కార్డు కవర్లో దాచుకుంది. ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఆమె సీరియల్ పాట మా మెట్ల మీదికి వినిపించింది.